మా నాన్నకు మీసం పెట్టారు

మా నాన్నకు మీసం ఉండేది కాదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన పోయేదాకా ఆయన పై పెదవి మీద ఒక్క వెంట్రుక చూసి ఎరగను. రోజూ పొద్దున్నే పెరట్లో బావి గట్టు మీద చిన్న అద్దం ఆనించుకుని నున్నగా గీసుకునేవాడు. నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడు. అదేమీ మేము దాచుకున్న సంగతి కాదు. బెజవాడ వన్‌టౌన్‌లో మా వీధి మొదట నిలబడి రాణిగారి ఇల్లెక్కడని అడిగితే, పాలు పోసే మనిషి కూడా మా గుమ్మం చూపించేవాడు.

మాది నేతపని ఇల్లు. తాతగారి మగ్గం మంగళగిరిలో ఉండేది. పెదనాన్న, నాన్న కృష్ణ దాటి వచ్చి బెజవాడ బజారులో చీరల కొట్టు పెట్టుకున్నారు. పెదనాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. చీరలు చూపించడం నాన్న పని. ఆయన చీరను చాప మీద పరిచి వదిలేసేవాడు కాదు. మడత విప్పి, అంచు తన భుజం మీద వేసుకుని, వెలుతురు పడేటట్టు కాస్త పక్కకు తిరిగేవాడు. వచ్చిన ఆడవాళ్లు తాము అడిగిన చీర సంగతి మరిచిపోయి ఆయన భుజం మీదున్నదే కావాలనేవాళ్లు.

సాయంత్రాలు నాటకాలు. నాన్న ఉన్న నాటక సమాజం వాళ్లు బందరు, గుడివాడ, చల్లపల్లి, ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్లి ఆడేవాళ్లు. నాన్న ఎప్పుడూ రాణి వేషమే. రాజ్యం పోయిన రాణి, బిడ్డ పోయిన రాణి, మొగుడు అడవికి పంపిన రాణి. ఆయన పద్యం ఎత్తుకుంటే ముందు వరసలో తలపాగాలు చుట్టుకున్న మోతుబరులు పైపంచెతో కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. ఆ తరవాత వారంలో వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు బళ్లు కట్టుకుని మా కొట్టుకి వచ్చేవాళ్లు.

"మొన్న రాణి కట్టిన చీర, ఆ రంగుది ఉందాండీ?" అని అడిగేవాళ్లు.

"ఎందుకు లేదమ్మా! మా తమ్ముడే గదా కట్టింది," అనేవాడు పెదనాన్న, నవ్వు మొహమంతా పరుచుకుని.

ఆ నవ్వు నాకు బాగా గుర్తు. అందుకే తరవాత ఆయన చేసినవేవీ నేను మరవలేకపోయాను.

నేను మొదటిసారి చీర కట్టుకోవలసిన రోజున ఇంటినిండా చుట్టాలు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేవడానికి లేదు. పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, నాకు చీర చుట్టి పిన్నీసులు పెట్టి, "కదలకు, ఊడిపోద్ది," అని చెప్పి వెళ్లిపోయింది. నేను గదిలో కొయ్యలా నిలబడి ఉన్నాను. అద్దం కోసం వచ్చిన నాన్న నన్ను చూసి ఆగాడు.

"ఎవరే నిన్నిట్టా మూట కట్టింది?"

"పెద్దమ్మ."

"తీసెయ్. లంగా మీద నిలబడు. నేను చెప్తాగా."

ఆయన ఇంకో చీర తెచ్చి, తన పంచె మీదే కట్టి చూపించాడు. నన్ను పక్కన నిలబెట్టి అలాగే కట్టుకోమన్నాడు. కుచ్చిళ్లు నా వేళ్ల మధ్య జారిపోతుంటే, "కళ్లతో చూడకు, చేత్తో తెలుసుకో," అన్నాడు. అయ్యాక కింద వంగి, నా పాదాల దగ్గర అంచు సరిచేసి, లేచి దూరంగా నిలబడి చూశాడు.

"ఇప్పుడు నడువు."

నడిచాను.

"ఆ గడప అవతలికి దూకు."

"చీరతోనా?"

"చీరతోనే. కాలు ఆడకపోతే అది కట్టడం కాదమ్మా, చుట్టడం. రాణి అడవిలో పరిగెత్తాలంటే నేనేం చేస్తాననుకున్నావ్?"

దూకాను. ఊడలేదు. అంతటితో నాకు చీర కట్టడం వచ్చేసింది. ఆ తరవాత యాభై ఏళ్లపాటు, బళ్లలో పాఠాలు చెప్పినా, వానలో కాలవ గట్ల మీద నడిచినా, బస్సుల్లో వేలాడినా, ఆయన నేర్పిన కట్టే కట్టాను.

రెండో ప్రపంచయుద్ధం వచ్చిన రోజుల్లో రెండు మార్పులు జరిగాయి. నాటకాల్లోకి ఆడవాళ్లు వచ్చారు. సినిమాలు చూడడం అలవాటైన జనానికి నిజమైన ఆడమనిషి కావాలనిపించింది. నాన్నకూ నలభై దగ్గరపడింది. సమాజం వాళ్లు తెనాలివైపునుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చి, రాణి వేషం ఆమెకిచ్చి, నాన్నను చెలికత్తె వేషం వెయ్యమన్నారు. నాన్న ఆ వేషం వెయ్యలేదు. అలిగి ఇంట్లోనూ కూర్చోలేదు. ఆ అమ్మాయికి నడక నేర్పడానికి వెళ్లాడు. ఆమె ఒక్కోసారి మా ఇంటికీ వచ్చేది. "గురువుగారూ" అంటూ వచ్చి అరుగు మీద కూర్చునేది. అమ్మ కాఫీ ఇచ్చేది. ఆమె తాగిన గ్లాసును పెద్దమ్మ రెండు వేళ్లతో పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లేది.

రెండో మార్పు కొట్లో. గుడ్డ మీద కంట్రోలు వచ్చింది, మనిషికి ఇన్ని గజాలేనని. జనం వరసలో నిలబడి, దొరికిందే చాలనుకుని ఇచ్చింది పట్టుకుపోతున్నారు. ఇక చీర విప్పి చూపించే మనిషి అవసరమేముంది? పైగా వరసలో నిలబడ్డవాళ్లు కాలక్షేపానికి నాన్నను చూసి సరసాలాడేవాళ్లు. "రాణిగారూ, మాకో పంచె పారెయ్యండీ" అని ఒకడంటే పక్కవాడు ఇకిలించేవాడు. పెదనాన్న వాళ్లనేమీ అనలేదు. తమ్ముణ్ణే అన్నాడు.

"నలుగురూ నవ్వుతున్నార్రా. నువ్వు లోపల కూర్చో."

లోపలంటే కొట్టు వెనక తానులు పెట్టే గది. కిటికీ లేదు. మా నాన్న, ఊళ్లకు ఊళ్లు రెప్పవేయకుండా చూసిన మనిషి, ఆ గదిలో తానుల మధ్య కూర్చున్నాడు. నేను బడినుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగి, "నాన్నేడీ?" అని అడిగితే, పెదనాన్న తల తిప్పకుండా బొటనవేలుతో వెనక్కి చూపించేవాడు. ఆ బొటనవేలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యుద్ధం అయిపోయిన తరవాత వచ్చిన వేసవిలో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. కొన్నాళ్లు జ్వరం దిగుతూ ఎక్కుతూ ఉండి, ఇక తగ్గిందనుకున్నప్పుడు మళ్లీ పైకెక్కి, ఒక మధ్యాహ్నం మా నాన్న పోయాడు. అప్పటికి నాకు పదిహేనేళ్లు. సమాజంవాళ్లు వచ్చారు. తమవాడు పోతే హార్మోనియం పెట్టి ఒక పద్యం పాడి సాగనంపడం వాళ్ల పద్ధతి. పెదనాన్న గుమ్మంలోనే అడ్డం నిలబడి, "ఇది శవం లేచే ఇల్లండీ, నాటకాల పాక కాదు," అని పంపించేశాడు.

కర్మలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఒక పొద్దున నేను లేచేసరికి పెరట్లో పొగ. నాన్న నాటకాల పెట్టె బావి పక్కన తెరిచి ఉంది. కొట్లో గుమాస్తా చేత పెదనాన్న చీరలు ఒక్కొక్కటే మంటలో వేయిస్తున్నాడు. ముందు చీరలు, తరవాత రవికెలు, తరవాత సవరాలు, పూసల దండలు, ఆ అడుగునున్న ఫోటోలు. సవరాలు కాలుతున్న కంపు వీధి చివరిదాకా పోయింది. ఊళ్లో ఆడవాళ్లు ఒంటిమీదికి గుడ్డ దొరక్క తెల్లవారకముందే వరసలో నిలబడుతున్న రోజులవి. నేతవాడి ఇంట్లో పుట్టి చీర తగలబెట్టిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, ఆపమని చెప్పు!" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నన్నే వెనక్కి లాగింది. నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. నేనే పరిగెత్తి ఒక రవికె లాగాను. అప్పటికే సగం కాలిపోయింది. వేళ్లు బొబ్బలెక్కాయి.

"చచ్చినోడి గుడ్డలు ఇంట్లో ఉంచుకోకూడదు," అన్నాడు పెదనాన్న నన్ను చూడకుండా.

నాన్న పంచెలు, చొక్కాలు మాత్రం కాల్చలేదు. అవి గుమాస్తాకిచ్చాడు.

కొన్నాళ్లకు సంతాపసభ మాట వచ్చింది. తమ్ముడి మీద ప్రేమ ముంచుకొచ్చి పెట్టిన సభ కాదది. బట్టల వర్తకుల సంఘానికి పెద్దగా నిలబడాలని పెదనాన్నకు అప్పట్లో కోరిక. నలుగురు పెద్దమనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి మా నాన్న చావు పనికొచ్చింది. ఆయన నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, సభలో కూతురి పద్యం ఉంటే బాగుంటదంటున్నారు. నువ్వు ఫోర్త్ ఫారం చదూతున్నావుగా. మీ నాన్న మీద ఏదన్నా రాయి."

రాశాను. ఎవరు అడిగారన్నది కూడా మరిచిపోయి రాశాను. ఛందస్సు నాకు రాదు. వచ్చిన మాటలు వచ్చినట్టు పెట్టాను. మర్నాడు పెదనాన్న ఆ కాగితం పట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చుని, మొదటి చరణం పైకి చదివాడు.

"నాకు చీర కట్టడం నేర్పింది మా నాన్న." ఆగి నావైపు చూశాడు. "ఇదేంటి?"

"పద్యం, పెదనాన్నా."

"నలుగురిలో చదివే ముక్కేనా ఇది? మగాడు ఆడపిల్లకి చీర కట్టడం నేర్పాడని సభలో చెప్తావా?"

"నిజమేగా."

"నిజమైతే ఊరంతా చాటాలా? మీ అమ్మ నేర్పిందని రాయి. ఎవరికేం నష్టం?"

"అమ్మ నేర్పలేదు. నాన్నే నేర్పాడు."

ఆయన గొంతు పెంచాడు. "వాడు బతికున్నన్నాళ్లూ నేను తల దించుకు తిరిగా. చచ్చాకన్నా ఎత్తుకోనీవా నన్ను?"

బతికున్నన్నాళ్లూ తల దించుకున్నాడట! ఆ రాణి కట్టిన చీరలమ్మి ఇల్లు కట్టిన మనిషి. నాకు నోటిదాకా వచ్చింది. ఈలోగా తలుపు వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. అమ్మ ఆయన ఎదటికి వచ్చేది కాదు, ఆయనతో నేరుగా మాట్లాడేదీ కాదు.

"బావగారు చెప్పినట్టు రాయవే."

నేను రాయనని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. పెదనాన్న ఆ కాగితాన్ని చింపలేదు. తెలిసిన ఒక తెలుగు పండితుడి దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇక ఫోటో. సభలో దండ వెయ్యడానికి ఫోటో కావాలి కదా. నాన్నవి ఉన్నవన్నీ వేషంలో తీయించుకున్నవే, అవి మంటలో పోయాయి. కొట్టు ప్రారంభం రోజున తీయించిన గుంపు ఫోటో ఒకటి మిగిలింది. అందులో నాన్న చివరన నిలబడి నవ్వుతున్నాడు. దాన్ని పెదనాన్న ఫోటో స్టూడియోకిచ్చి, నాన్న మొహం వరకు పెద్దది చేయించాడు. అలా చేయించాడని మాకు చెప్పాడు. ఇంకేం చేయించాడో చెప్పలేదు.

సభ గ్రంథాలయం హాల్లో పెట్టారు. నేను, అమ్మ, పెద్దమ్మ వెనకవైపు ఆడవాళ్ల చాపల మీద కూర్చున్నాం. బల్ల మీద దండ వేసిన ఫోటో. ఎవరిదో అనుకున్నాను. పెద్ద కోరమీసం. చివరలు పైకి తిప్పి ఉన్నాయి. కళ్లు మాత్రం ఎక్కడో చూసినట్టున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా తెలిసింది, ఆ కళ్లు మా నాన్నవి. కుంచెతో మా నాన్నకు మీసం పెట్టారు.

"అమ్మా, చూశావా?" అన్నాను.

అమ్మ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అదే సమయంలో కిటికీలోంచి బయట గేటు దగ్గర జట్కా ఆగడం కనిపించింది. తెనాలి అమ్మాయి, సమాజంలో హార్మోనియం వాయించే ముసలాయన దిగారు. గుమాస్తా వాళ్లకు ఎదురెళ్లాడు.

"ఆడాళ్లవైపు ఖాళీ లేదండీ," అంటున్నాడు.

నా పక్కన చాప సగం ఖాళీగా ఉంది.

లోపల ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన మా నాన్నను ఉత్తమ వర్తకుడన్నాడు. ఇంకొకాయన అన్నగారి మాట జవదాటని తమ్ముడన్నాడు. ఒక్కరంటే ఒక్కరి నోట నాటకం అన్న మాట రాలేదు. ఆ ముందు వరసలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది మా నాన్న పద్యానికి పైపంచెలు తడుపుకున్నారో నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. తలలు వంచుకుని తాంబూలం నములుతున్నారు.

ఆఖర్న పండితుడు లేచి, "ఇప్పుడు కీర్తిశేషుల కుమార్తె రచించిన పద్యాలను నేను చదివి వినిపిస్తాను," అన్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సౌజన్యసాగరుడు, శాంతమూర్తి, భ్రాతృసేవా ధురంధరుడు. ఆ మాటల కింద మా నాన్న ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. చీర లేదు, అద్దం లేదు, నేను లేను.

నేను లేచి నిలబడ్డాను.

"అది నేను రాసింది కాదండీ," అన్నాను.

హాలంతా వెనక్కి తిరిగింది. పెద్దమ్మ నా కొంగు పట్టి లాగింది. పండితుడు జాలిగా నవ్వాడు.

"కూర్చోమ్మా. దుఃఖంలో ఉన్నావు. భాష కాస్త దిద్దాను, అంతే. భావం నీదేగా."

"భావం కూడా నాది కాదండీ. నేను రాసింది వేరే."

"ఏం రాసిందో చెప్పమనండి, విందాం," అన్నారెవరో పక్కనుంచి.

పెదనాన్న బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. నేను హాలంతా వినపడేటట్టు చెప్పాను.

"నాకు చీర కట్టడం నేర్పింది మా నాన్న."

ముందు ఒకడు నవ్వాడు. తరవాత ఇంకొకడు. సంతాపసభ అని నోరు మూసుకుని నవ్వారు కొందరు, కొందరు ఆ మాత్రం కూడా మూసుకోలేదు. ఆ నవ్వు హాలంతా పాకింది. అందులో మా నాన్నను చూసి ఏడ్చినవాళ్ల నవ్వు కూడా ఉంది. రెండో చరణం నాకు గుర్తు రాలేదు. ఎంత వెతికినా రాలేదు. నోరు తెరుచుకుని అలా నిలబడిపోయాను. ఆ నిమిషంలో నాకు దుఃఖం లేదు. చేతికి ఏదన్నా దొరికితే విసిరేదాన్ని.

అమ్మ లేచింది. నన్ను కూర్చోబెడుతుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకుని, అంతమంది మగవాళ్ల మధ్యనుంచి, నేరుగా గుమ్మంలోంచి బయటికి నడిపించుకెళ్లింది. ఆమె అలా నలుగురి ముందు నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇంటికి రండి, చెప్తా మీ సంగతి," అన్న పెదనాన్న గొంతు వెనకనుంచి వినిపించింది.

బయట వరండా మెట్ల మీద తెనాలి అమ్మాయి, హార్మోనియం ముసలాయన కూర్చుని ఉన్నారు. గుమాస్తా గేటు దగ్గరే కాపలా ఉన్నాడు. లోపల పండితుడు మళ్లీ మొదలుపెట్టాడు.

"నువ్వన్నది మాకు వినపడింది," అంది ఆమె. "తరవాతేంటి?"

అక్కడ నాకు అంతా గుర్తొచ్చింది. మెట్టు మీద నిలబడి చెప్పాను.

నాకు చీర కట్టడం నేర్పింది మా నాన్న.
అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నాన్న అద్దం దగ్గర ఉన్నాడు.
నా పాదాల దగ్గర వంగి అంచు సరిచేసి
లేచి చూసి, బాగుందన్నాడు మా నాన్న.
పొద్దున కొట్లో చీరలు మడతపెట్టాడు
సాయంత్రం రాణి అయి ఏడ్చాడు
ఆ ఏడుపు చూసి ఊరంతా ఏడ్చింది.
ఇప్పుడు ఆయనే పోతే
ఊరు చేతులు కడుక్కుని భోజనానికెళ్లింది.
నాన్నా, రాణి చచ్చిపోయిన రోజుల్లో నువ్వు లేచొచ్చి
రంగు కడుక్కుని అన్నం తినేవాడివి.
ఈసారి అన్నం చల్లారిపోయింది.

ముసలాయన తల దించుకుని హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు తన మోకాలి మీద వేళ్లు కదిలించాడు. తెనాలి అమ్మాయి కళ్లు తుడుచుకుని, "అన్నం అన్నావు గానీ ఆయన ఆట అయ్యాక పులిహోర తప్ప ముట్టేవాడు కాదు," అంది. ఎందుకో నాకు నవ్వొచ్చింది. నాన్న పోయాక నేను నవ్వడం అదే మొదలు.

అమ్మ నవ్వలేదు.

"నేనేదే అందులో?" అంది.

నాకు అర్థం కాలేదు.

"పొయ్యి దగ్గర ఉందన్నావు. అంతేనా నేను? ఆ రవికెలు ఎవరు కుట్టారనుకున్నావ్? మగాడి భుజాలకి ఆడరవికె కూర్చడం ఎంత కష్టమో నీకు తెలుసా? పద్యానికి చెయ్యి ఎత్తితే చంకలో పట్టెయ్యకూడదు, ఊపిరి పీలిస్తే కుట్లు పిగలకూడదు. అవన్నీ నా కళ్లముందు తగలెట్టాడాయన. నీకొక్కదానికే మండిందనుకుంటున్నావా?"

అంత పొడుగ్గా అమ్మ మాట్లాడడం నేను విన్నది అప్పుడే. ఆమె కూడా ఇన్నాళ్లూ కోపంతోనే ఉందన్న సంగతి నాకు తట్టనేలేదు. మా ఇద్దరి కోపాలూ అక్కడ మెట్ల మీద ఒకదాన్నొకటి చూసుకున్నాయి గానీ, కలిసిపోయాయని మాత్రం చెప్పలేను. "మరి అప్పుడెందుకు మాట్లాడలేదు?" అన్నాను. "ఎవరి ఇంట్లో ఉండి మాట్లాడను?" అంది.

ఆ ఇంట్లో మేము ఎక్కువ రోజులు లేము. పెదనాన్న మమ్మల్ని పొమ్మనలేదు. మాతో మాట్లాడడం మానేశాడు. ఏదున్నా పెద్దమ్మ చేత చెప్పించేవాడు. నా బడి మాన్పించాలన్న మాట కూడా అలాగే వచ్చింది. ఆ మాట విన్న రోజున అమ్మ మా బట్టలు మూట కట్టింది. ఏలూరు కాలవ పక్క సందులో తెనాలి అమ్మాయి మాకొక గది చూపించింది. ఆమె తన రవికెలు కొన్ని అమ్మకిచ్చి కుట్టమంది. తరవాత సమాజంలో మిగతా ఆడవాళ్లు ఇచ్చారు. ఇంకొన్నాళ్లకు వీధిలో సంసార పక్షంవాళ్లు కూడా, ముందు మొహమాటంగా, తరవాత మామూలుగా, గుడ్డ తీసుకుని రావడం మొదలుపెట్టారు. ఒక పాత కుట్టుమిషన్ గదిలోకొచ్చింది. నేను బడి మానలేదు.

సభలో పెట్టిన ఆ ఫోటో కొట్లో తగిలించారు. బడికి వెళుతూ వస్తూ ఆ మీసం నాకు కనబడేది. కొన్నాళ్లు తలవంచుకుని పోయాను. ఒకరోజు ఆగి, కొట్లోకి వెళ్లి, బల్లెక్కి, మేకునుంచి ఫోటో తీశాను. గిరాకీ ఉంది. పెదనాన్న అందరిముందూ కేక వెయ్యలేక, "ఏయ్, ఏయ్," అంటూ ఉండగానే పట్టుకుని నడిచి వచ్చేశాను. గదికి తెచ్చి, అద్దం తీసి, బ్లేడుతో ఆ మీసం గీకాను. ఆ రంగు గట్టిది. దానితోపాటు కింది కాగితం లేచి వచ్చింది. మా నాన్న పై పెదవి కూడా పోయింది. ముక్కుకీ కింది పెదవికీ మధ్య తెల్లటి మచ్చ మిగిలింది.

దానికి కూడా నేను పెదనాన్ననే తిట్టుకున్నాను. మీసం పెట్టకపోతే గీకవలసిన పనేముంది?

స్కూల్ ఫైనల్ ప్యాసై ట్రైనింగుకి వెళ్లాను. చల్లపల్లి దగ్గర ఒక ఊళ్లో టీచరుద్యోగం వచ్చింది. బెజవాడను విజయవాడ అనడం కొత్తగా మొదలైన రోజులవి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక పొద్దున తలుపు దగ్గర దగ్గు వినిపించింది. చూస్తే పెదనాన్న. చంకలో కాగితం పొట్లం. వయసు మీదపడింది. మెట్టెక్కడానికి గోడ పట్టుకున్నాడు.

అమ్మ మిషన్ దగ్గరనుంచి లేచి నిలబడింది. ఆయన నావైపు చూసి, అమ్మకు వినపడేటట్టు చెప్పాడు.

"మా చిన్నదాని పెళ్లి కుదిరిందమ్మాయ్. పెళ్లి రవికెలు మీ అమ్మ చేతే కుట్టించాలని దాని పట్టుదల. ఊళ్లో ఇంకెవరు కుట్టినా నచ్చటంలేదు."

నేను పొట్లం అందుకోలేదు. ఆయనే బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, గది చుట్టూ చూశాడు.

"మీ నాన్నే ఉంటేనా, ఎంత సంబరపడేవాడో," అన్నాడు.

"ఉంటే మీరు లోపల కూర్చోమనేవారు," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది.  మిషన్ మీద ఈగ వాలితే దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"బావగారికి మంచినీళ్లియ్యవే," అంది అమ్మ, పొట్లం తన దగ్గరికి తీసుకుని.

ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఎట్టా ఒప్పుకున్నావమ్మా? నీ కుట్టు మంటలో వేసిన మనిషికి?"

"ఆయనకు కాదు కుట్టేది. ఆ పిల్లకి."

"ఆ పిల్ల ఆయన కూతురు."

"నువ్వూ ఎవరి కూతురివో చెప్పుకుని నీ పద్యం రాశావుగా. ఆ పిల్లకి తండ్రి ఎంచుకుంటే వచ్చాడా?"

ఆ మాట నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది. అమ్మ పొట్లం విప్పి, గుడ్డ వెలుతురులో పెట్టి నేత చూసి, మంచిదే తెచ్చాడు, అనుకుంది తనలో తాను. మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. నేను భోజనానికి లేవలేదు. ఆమె బతిమాలలేదు.

ఆ పెళ్లికి నేను వెళ్లలేదు, అమ్మ వెళ్లింది. సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ, రవికె చక్కగా కుదిరిందని, పెళ్లికూతురు నా గురించి అడిగిందని చెప్పింది. నేను పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటూ ఉన్నాను. తలెత్తలేదు.